ఇంట్లో పెట్టే యాంటెన్నా కొనబోతున్నారా?

ఈ మధ్య సంఘాలలో పెద్దవారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. విజయవాడలోనూ అడుగుతున్నారు, గుడివాడ, తెనాలి, మచిలీపట్నం వైపు వెళ్లినప్పుడు కూడా అడుగుతున్నారు. "అయ్యగారూ, అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో కిటికీకి కాగితం లాంటిది ఒకటి అంటించారు. కేబుల్ లేదు, డిష్ లేదు, నెలకి రూపాయి కట్టేది లేదు. ముప్పై నలభై ఛానళ్లు వస్తున్నాయి. అలాంటిదే ఇక్కడా దొరుకుతోందట. కొనమంటారా?"

మా సంఘంలోని ఒక పెద్దమ్మగారైతే అడగడం కూడా లేకుండా కొడుకు ఇంటి నుండి పెట్టెలో పెట్టుకుని తెచ్చేసుకున్నారు. కిటికీకి అంటించారు, బీరువా మీద పెట్టారు, చివరికి మేడ మీద బట్టల తీగకు కూడా కట్టి చూశారు. టీవీలో ఛానళ్లు వెతికే మీట నొక్కిన ప్రతిసారీ వచ్చిన జవాబు ఒక్కటే: సిగ్నల్ లేదు. యాంటెన్నా పాడైపోయిందేమోనని ఆవిడ బాధ. అది పాడవలేదు. అందుకోవడానికి గాలిలో ఏదైనా ఉంటేనే కదా అది పట్టి ఇచ్చేది.

కాబట్టి సమాధానం ముందే చెప్పేస్తాను. విజయవాడలోగానీ, కృష్ణా డెల్టాలోని ఏ ఊళ్లోగానీ టీవీ చూడడానికి ఈ రోజున ఇంటి యాంటెన్నా కొనడం డబ్బు దండుగ. వంద రూపాయలదైనా అంతే, మూడు వేలదైనా అంతే. ఎందుకో తెలిస్తే మీరు ఇంకొకరికి కూడా చెప్పగలుగుతారు గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

నలభై ఏళ్లు దాటిన వారికి మేడ మీది యాంటెన్నా గురించి వేరే చెప్పనక్కరలేదు. 1983 ఆగస్టులో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లింది. ఆ మరుసటి సంవత్సరం దూరదర్శన్ దేశమంతటా చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయింది. రోజుకొకటి చొప్పున ప్రారంభించిన నెలలు కూడా ఉన్నాయి. ఉపగ్రహం నుండి దిగిన కార్యక్రమాన్ని ఆ ట్రాన్స్‌మిటర్ తిరిగి గాలిలోకి వదులుతుంది, చుట్టుపక్కల ఊళ్లు పట్టుకుంటాయి. డయనోరా, సాలిడేర్ టీవీలు చెక్క తలుపులతో మన ముందుగదులలోకి వచ్చింది ఆ కాలంలోనే. టీవీ కొన్నవారు దానితో పాటు ఒక వెదురు గెడో, ఇనుప పైపో కూడా కొనేవారు. దాని చివర చేపముల్లులాంటి అల్యూమినియం యాంటెన్నా. దానిని రూపొందించినవారు ఇద్దరు జపాను ఇంజనీర్లు, ఉడా, యాగి. 1926 నాటి వారి పని మన పెంకుటిళ్ల మీదికి ఎక్కడానికి ఇంచుమించు అరవై ఏళ్లు పట్టింది.

ఊళ్లోని యాంటెన్నాలన్నీ ఒకే వైపు చూస్తూ ఉండేవి. కొత్తగా వచ్చిన వారెవరైనా వాటి ముఖం చూసి ట్రాన్స్‌మిటర్ ఎటువైపు ఉందో చెప్పేయవచ్చు. శుక్రవారం 'చిత్రలహరి' వేళకు గాలి వీచి గెడ తిరిగిపోయిందంటే ఇంట్లోని కుర్రవాడు మేడెక్కవలసిందే. పైనుండి "వచ్చిందా?" అని ఒక కేక, కిందినుండి "వచ్చింది, వచ్చింది... పోయింది, మళ్లీ వెనక్కి తిప్పు" అని మరొక కేక. కాకి వాలినా బొమ్మ వణికేది. ఎవరికైనా యాంటెన్నా విషయంలో కొంత పరిజ్ఞానం ఉంటే ఆ సంధ్యవేళ అతడు వీధి మొత్తానికీ డాక్టరు.

ఆనాడు కూడా గాలిలో వచ్చింది దూరదర్శన్ ఒక్కటే. ఈ సంగతి చాలామంది మర్చిపోయారు. 1995లో జెమిని, ఈటీవీ మొదలైనప్పుడు అవి ఉపగ్రహం మీద వచ్చాయి, కేబుల్ వైరు ద్వారా ఇంట్లోకి వచ్చాయి. నేల మీది టవరు నుండి టీవీ ప్రసారం చేసే అవకాశం మన దేశంలో ప్రైవేటు ఛానళ్లకు ఇవ్వలేదు. అమెరికాలో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ పెద్ద ప్రైవేటు సంస్థలన్నిటికీ ఊరూరా సొంత స్టేషన్లు, సొంత టవర్లు ఉన్నాయి. వారు ప్రకటనల మీద బతుకుతారు, గాలిలో ఉచితంగా వదులుతారు. మీ అబ్బాయి కిటికీకి అంటించిన కాగితానికి ముప్పై నలభై ఛానళ్లు తగలడానికి కారణం ఆ కాగితం గొప్పతనం కాదు. ఆ ఊళ్లో అన్ని ప్రసారాలు జరుగుతున్నాయి, అంతే.

ఇక మన దగ్గర ఆ ఒక్కటి కూడా ఆగిపోయింది. పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి దశలవారీగా మూసివేసింది. 2021 నాటికే సుమారు 70 శాతం మూతపడ్డాయి. దేశ రక్షణ దృష్ట్యా ముఖ్యమైన చోట్ల ఒక యాభై దాకా ఉంచి, మిగిలినవాటికి 2022 మార్చి 31 గడువు పెట్టారు. వాటి స్థానంలో కొత్త డిజిటల్ పద్ధతి రాలేదా అని మీరు అడగవచ్చు. వచ్చింది. 2016 ఫిబ్రవరిలో 16 నగరాలలో ప్రారంభించారు. చెన్నై ఉంది, బెంగళూరు ఉంది, కటక్ ఉంది. తెలుగు నగరం మాత్రం ఆ జాబితాలో ఒక్కటీ లేదు. సెల్‌ఫోన్‌కే నేరుగా టీవీ పంపే ప్రయోగాలు కూడా కొన్ని నగరాలలో జరిగాయి. అవి ఇంటింటికీ వచ్చిన నాడు మళ్లీ మాట్లాడుకుందాం. ప్రయోగం పేరు చెప్పి ఈరోజు పెట్టె అమ్మేవారి దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి.

అమ్మేవారు పెట్టె మీద రాసే మాటలు చూస్తే నాకు నవ్వు వస్తుంది, కొంచెం కోపం కూడా వస్తుంది. "300 మైళ్ల రేంజి" అంటారు. 300 మైళ్లంటే 480 కిలోమీటర్లు. మన విజయవాడ నుండి చెన్నై దాటిపోయినంత దూరం. టీవీ తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోతాయి, భూమి గుండ్రంగా ఉంది గనుక ఆ తర్వాత పైకి వెళ్లిపోతాయి. 150 మీటర్ల టవరు అయితే చదునైన నేల మీద దాని చూపు సుమారు 50 కిలోమీటర్లు. మీ మేడ మీద 9 మీటర్ల గెడ ఉంటే ఇంకొక 12 కిలోమీటర్లు కలుస్తాయి. అందుకే ఆనాడు గెడ ఎంత పొడుగుంటే అంత మేలు అనేవారు. మన డెల్టా పళ్లెంలాగా చదునుగా ఉండడం వలన దివిసీమ వైపు వారికి అడ్డు ఉండేది కాదు, దూరమే వారి ఇబ్బంది. విజయవాడ ఊళ్లో ఉన్నవారి ఇబ్బంది వేరు. మొగల్రాజపురం కొండ, గుణదల కొండ, ఇంద్రకీలాద్రి, ఏటికి అవతల సీతానగరం కొండ ఉన్నాయి. కొండ నీడలో ఇల్లు పడితే టవరు దగ్గరున్నా బొమ్మ పక్కన దెయ్యంలా ఇంకొక బొమ్మ కనబడేది. కొండకు తగిలి తిరిగొచ్చిన తరంగం అది, కాస్త ఆలస్యంగా వచ్చేది.

"4కె యాంటెన్నా, 8కె యాంటెన్నా" అని ఇంకొక మాట. యాంటెన్నా ఒక లోహపు ముక్క. బొమ్మ ఎంత స్పష్టమైనదో దానికి తెలియదు. దానికి తెలిసింది తన పొడవు మాత్రమే. తరంగం పొడవులో సగం ఉంటే బాగా పట్టుకుంటుంది. 200 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు ఒకటిన్నర మీటర్లు, దానికి 75 సెంటీమీటర్ల కడ్డీ కావాలి. 600 మెగాహెర్ట్జ్ అయితే 25 సెంటీమీటర్లు చాలు. "బూస్టరు ఉంది" అంటారు. బూస్టరు వచ్చిన సిగ్నల్‌ను పెంచుతుంది, దానితో పాటు వచ్చిన చెత్తను కూడా అంతే పెంచుతుంది. అసలు ఏమీ రాని చోట చెత్త ఒక్కటే పెరుగుతుంది.

ఇంత చెప్పాక, అమెరికాలో ఉన్న పిల్లలకు ఈ వస్తువు నిజంగా పనికొస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్తగా కాపురం పెట్టిన దంపతులకు నెలనెలా కేబుల్ ఖర్చు తప్పుతుంది. ఈ పత్రికను వారికి పంపించేవారు చాలామంది ఉన్నారు గనుక నాలుగు మాటలు వారి నిమిత్తం.

కొనడానికి ముందు టవర్లు ఎటువైపున, ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవాలి. అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వారి పటంలో మీ చిరునామా వేస్తే చెబుతుంది. పదిహేను ఇరవై మైళ్లలోపు టవర్లుంటే ఇంటి యాంటెన్నా సరిపోవచ్చు. నలభై మైళ్లు దాటితే ఇంట్లో పెట్టేది ఎంత ఖరీదైనదైనా నమ్మకం తక్కువ, కప్పు మీదికి వెళ్లవలసిందే. తర్వాత ఏ ఛానల్ ఏ తరంగం మీద వస్తుందో చూడండి, ఎందుకంటే చాలామంది తప్పు వస్తువు కొనేది ఇక్కడే. 2009 జూన్ 12న అమెరికా డిజిటల్‌కు మారిన తర్వాత ఎక్కువ స్టేషన్లు యూహెచ్‌ఎఫ్ మీదికి వెళ్లాయి, వాటికి కాగితం లాంటి చిన్న యాంటెన్నా చాలు. కాని కొన్ని స్టేషన్లు ఇంకా పాత వీహెచ్‌ఎఫ్‌లోనే ఉన్నాయి. న్యూయార్కులో 7, 11 ఛానళ్లు అలాంటివే. ఫిలడెల్ఫియాలో 6వ ఛానల్ ఇంకా కిందిది, దాని తరంగం పొడవు మూడున్నర మీటర్లు. అరచేతి మందం కాగితం దానిని పట్టలేదు. మన పాత టీవీల మీద కుందేలు చెవుల్లా రెండు కడ్డీలు ఉండేవి చూడండి, ఆ రకం యాంటెన్నా కడ్డీలు పూర్తిగా లాగి పెడితే దానికంటే మేలు. పాతదని చిన్నచూపు చూడనవసరం లేదు.

పెట్టే చోటు విషయానికొస్తే, టవర్లున్న వైపు కిటికీ, సాధ్యమైనంత ఎత్తున. వేడిని ఆపడానికి అద్దానికి సన్నని లోహపు పూత వేసిన కిటికీలు ఉంటాయి, అవి సిగ్నల్‌ను కూడా ఆపేస్తాయి. అలాంటప్పుడు పక్క గోడ మీద పెట్టి చూడాలి. అంగుళాలు జరిపినా తేడా వస్తుంది. డిజిటల్‌లో మనకు పాత రోజులలాగా చుక్కలు చుక్కలుగానైనా కనబడడం అనేది లేదు. బొమ్మ వస్తే అద్దంలా వస్తుంది, రాకపోతే ముక్కలై ఆగిపోతుంది. జరిపిన ప్రతిసారీ ఛానళ్లు మళ్లీ వెతికించాలి. ముందు బూస్టరు లేనిది, తక్కువ ఖరీదుది తెచ్చి చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయమనండి. అక్కడి దుకాణాలు తీసుకుంటాయి.

అక్కడినుండి ఇక్కడికి మాత్రం దయచేసి తేవద్దు. యాంటెన్నా ఏ దేశానిదైనా లోహమే గనుక పనిచేస్తుంది, కాని అక్కడి టీవీ డిజిటల్ పద్ధతి ఒకటి, మన దేశంలో దూరదర్శన్ ప్రారంభించిన పద్ధతి మరొకటి. ఈ రెండవ పద్ధతే బ్రిటన్‌లో కూడా నడుస్తోంది. కాబట్టి అమెరికా టీవీ పెట్టెను సామానుతో తెచ్చుకునేవారు కూడా ఆలోచించుకోవాలి.

మరి ఇక్కడ నెలసరి ఖర్చు లేకుండా టీవీ చూడాలనుకునే ఇంటికి దారి ఏమిటి? పింఛను మీద బతికేవారికి, ఒంటరిగా ఉన్న విధవరాండ్రకు ఈ ప్రశ్న చిన్నది కాదు. వారికి ఉన్నది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో 33 ఛానళ్లతో మొదలైంది. డిష్షు, పెట్టె ఒకసారి కొనుక్కుంటే చాలు, ఆ తర్వాత నెలనెలా కట్టేది లేదు. 2014లో రాష్ట్రం విడిపోయిన తర్వాత సప్తగిరి మనకు, యాదగిరి తెలంగాణకు అయ్యాయి, రెండూ అందులో వస్తాయి. ఆకాశవాణి కేంద్రాలు కూడా చాలా వస్తాయి. ఉన్న మాట చెప్పాలంటే దానిలో హిందీ ఛానళ్లే ఎక్కువ. సాయంత్రం తెలుగు సీరియళ్లు చూడకపోతే అన్నం దిగని ఇంట్లో అది తృప్తినివ్వదు. వార్తలు, వ్యవసాయం, పాత పాటలు చాలు అనుకునేవారికి అంతకంటే చవక లేదు.

బిగించేవాడు వచ్చినప్పుడు మీరు దగ్గర నిలబడి చూసుకోవడానికి ఒక గుర్తు. ఆ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. విజయవాడ నుండి చూస్తే అది ఆగ్నేయం వైపు, ఆకాశంలో బాగా ఎత్తున, సుమారు 65 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే ఎదురింటి గోడ అడ్డమని సాధారణంగా భయపడనక్కరలేదు. ఇంటికి ఆనుకుని ఆగ్నేయాన కొబ్బరిచెట్టు ఉంటేనే చిక్కు. ఆ ఉపగ్రహానికీ డిష్షుకీ మధ్య ఆకు కూడా అడ్డు ఉండకూడదు. డిష్షు గదిలో పెట్టేది కాదని వేరే చెప్పనక్కరలేదు.

డిష్షుకు ఉన్న లోపం ఒకటి మన ప్రాంతం వారు ప్రత్యేకంగా గమనించాలి. ఆ తరంగాలు చాలా పొట్టివి, రెండున్నర సెంటీమీటర్లు. దట్టమైన వర్షం వాటిని మింగేస్తుంది. ఖరీదైన డిష్షులైనా అంతే. తుపాను వస్తున్న రాత్రి, వార్త అత్యవసరమైన గంటలో, టీవీ నల్లబడుతుంది. కేబుల్ తీగలు స్తంభాలతో పాటు పడిపోతాయి. కరెంటు పోతే సెల్ టవర్లు కొన్ని గంటలకు ఆగిపోతాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగినప్పుడు ఇది మన కళ్ల ఎదుటే జరిగింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చిన రోజులవి. మేడల మీద కూర్చున్నవారి చేతిలో ఫోన్లు ఉన్నాయి, వాటిలో చార్జి లేదు. నీరు ఇంకా పెరుగుతుందా, తగ్గుతుందా, పడవ ఎటు వస్తుంది అన్నది పక్క మేడ వారిని కేకేసి అడగడం తప్ప దారి లేకపోయింది.

కాబట్టి ఇంట్లో పెట్టుకునే యాంటెన్నా ఒకటి కొనాలని మీకు మనసుగా ఉంటే, రేడియో కొనండి. నేను హాస్యానికి అనడం లేదు. ప్రతి ట్రాన్సిస్టరులోనూ ఒక ఇంటి యాంటెన్నా ఉంటుంది. నల్లటి కడ్డీకి సన్నని రాగితీగ చుట్టి పెట్టెలో అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. పున్నమ్మతోటలోని ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1 నుండి పనిచేస్తోంది. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద దానిని వినవచ్చు. ఆ తరంగం పొడవు 358 మీటర్లు. వర్షపు చినుకు దానికి లెక్కలోకి రాదు. నేలను అంటిపెట్టుకుని పోతుంది, తడి నేల మీద, ఉప్పునేల మీద మరింత దూరం పోతుంది. నాగాయలంక, అవనిగడ్డ వంటి చోట్లకు ఇంతకంటే అనువైన నేల లేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమంది చనిపోయిన చోటు అది. పట్టణంలో ఉన్నవారికి ఎఫ్ఎంలో రెయిన్‌బో కృష్ణవేణి 102.2 మీద ఉంది. కొనేటప్పుడు మీడియం వేవ్ కూడా ఉన్న సెట్టు అడగండి. ఎఫ్ఎం మాత్రమే ఉన్నవి, ఫోనులో వచ్చేవి వేరు. ఎఫ్ఎం కూడా టీవీలాగే చూపు మేరకే పోతుంది.

ఆ కడ్డీకి ఒక గుణం ఉంది. దాని కొన విజయవాడ వైపు ఉంటే ధ్వని సన్నగిల్లుతుంది, పక్క భాగం విజయవాడ వైపు ఉంటే పెరుగుతుంది. సెట్టును బల్ల మీద నిలబెట్టి దాని ముఖమో వీపో విజయవాడ వైపు ఉండేలా తిప్పితే సరి. ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు దగ్గర పెడితే గరగర వస్తుంది, వాటికి దూరంగా జరపండి. శ్లాబు ఇళ్లలో ఇనుము అడ్డుపడుతుంది గనుక కిటికీ పక్కన పెట్టండి. ఇంకా చాలకపోతే అయిదారు మీటర్ల ప్లాస్టిక్ తొడుగు తీగను సెట్టు చుట్టూ కడ్డీ ఉన్న దిక్కుకు అడ్డంగా నాలుగైదు చుట్లు చుట్టి, మిగిలిన కొసను కిటికీలోంచి బయటికి వేలాడదీయవచ్చు. ఉరుములు మొదలైతే మాత్రం ఆ తీగ లోపలికి తీసేయాలి.

సెల్లులు సెట్టులోనే వదిలేయకండి, కారి తీగలు తినేస్తాయి. ఒక జత విడిగా కాగితంలో చుట్టి సెట్టు పక్కనే పెట్టి, ప్రతి సంవత్సరం అక్టోబరు రాకముందే ఒక పూట వేసి వినండి. ఇంట్లో పెద్దవాళ్లకు స్టేషను ముల్లు ఎక్కడ నిలపాలో తెలియకపోతే 837 దగ్గర అద్దం మీద గోళ్లరంగుతో ఒక చుక్క పెట్టండి. చీకట్లో దీపం పట్టుకుని చూసినా కనబడుతుంది.